కేసు తేలింది, కథ తేలలేదు: జూటోపియా కథనం అల్లిక

జూటోపియా చూసినవాళ్ల నుంచి ఒక ఫిర్యాదు తరచూ వస్తుంటుంది. తప్పిపోయిన జంతువులు దొరికాయి, వాటిని దాచిపెట్టిన మేయర్ అరెస్టయ్యాడు, కుందేలు పోలీసుకి ఊరంతా చప్పట్లు కొట్టింది. అక్కడితో శుభం కార్డు వేసేయొచ్చు కదా, ఇంకో అరగంటకు పైగా ఎందుకు సాగదీశారు? 2025 నవంబర్‌లో రెండో భాగం విడుదలయ్యాక మొదటిది మళ్లీ పెట్టుకుని చూసిన ఇళ్లలో ఈ మాట ఇంకోసారి లేచింది. పిల్లల సందేహం ఇంకా సూటిగా ఉంటుంది: అందర్నీ కాపాడిన ఆ కుందేలు జూడీ మీద, ఆమె వెంట తిరిగిన నక్క నిక్‌కి అంత కోపం దేనికి?

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. అది చెప్పాలంటే గుట్టంతా విప్పక తప్పదు. సినిమా చూడనివాళ్లు చూసి వచ్చి చదువుకుంటే మేలు.

ముందు కథ, ఆ తర్వాత కథనం

2016 మార్చిలో అమెరికాలో విడుదలైన ఈ డిస్నీ సినిమా నిడివి 108 నిమిషాలు. దర్శకులు బైరన్ హోవర్డ్, రిచ్ మూర్. సహ దర్శకుడు జారెడ్ బుష్. ప్రపంచవ్యాప్తంగా వంద కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది, 2017లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ కూడా తెచ్చుకుంది.

మనుషులు లేని లోకం. జంతువులే బట్టలు కట్టుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ, వేటాడే జాతులూ వేటకు బలయ్యే జాతులూ ఒకే నగరంలో కాపురముంటాయి. పల్లెటూరి కుందేలు జూడీ హాప్స్ ఆ నగరంలో మొట్టమొదటి కుందేలు పోలీసు అవుతుంది. అడవిదున్న చీఫ్ బోగో ఆమెను పార్కింగ్ చలాన్లు రాసే పనిలో పడేస్తాడు. ఒక నీటికుక్క భార్య తన భర్త కనబడటం లేదని స్టేషన్‌కొచ్చి బతిమాలితే, ఆ కేసు నేను పట్టుకుంటానని జూడీ ముందుకొస్తుంది. 48 గంటల్లో తేల్చాలి, లేకపోతే రాజీనామా చేసి ఇంటికి పోవాలి. అదీ షరతు. నిక్ వైల్డ్ అనే టక్కరి నక్కను బ్లాక్‌మెయిల్ చేసి వెంట తిప్పుకుంటుంది.

ఇది కథ. ఏం జరిగిందన్నది. దాన్ని ఏ వరసలో, ఎవరి కళ్లతో, ఏది ముందు చూపించి ఏది దాచి చెప్పారన్నది కథనం. ఇదే కథను దోషి ఎవరో మొదటే చూపించి కూడా నడపొచ్చు. అప్పుడు ఇది ఇంకో సినిమా అయ్యేది.

రెండు కథలు నడుస్తున్నాయి, గడియారం ఒక్కదానికే ఉంది

ఈ సినిమాలో రెండు కథలున్నాయి. మొదటిది కేసు. దానికి 48 గంటల గడువుంది, ఆధారాలున్నాయి, ఛేజులున్నాయి. రెండోది జూడీ మనసులోని భయం. దానికి గడువు లేదు, దాన్ని ఎవరూ పైకి చెప్పరు, ఆమెకు కూడా తెలియదు. కేసు కథ మూడింట రెండు వంతుల సినిమా దగ్గర ముగిసిపోతుంది. భయం కథ అప్పుడే బయటపడుతుంది. మిగిలిన సినిమా ఉన్నది రెండోదాని కోసం.

ఆ భయం పుట్టిన చోటు మొదటి పది నిమిషాల్లోనే ఉంది. చిన్నప్పుడు ఊరి జాతరలో జూడీ నాటకం వేస్తుంది. వేల ఏళ్ల కిందట క్రూరమృగాలు ఎలా ఉండేవో చెబుతూ, టమాటా సాస్ ఒంటికి పూసుకుని చచ్చినట్టు నటిస్తుంది. ఆ కాలం పోయిందని, ఇప్పుడు ఎవరైనా ఏమైనా కావచ్చని ముగిస్తుంది. నాటకం అయిన కాసేపటికే గిడియన్ గ్రే అనే నక్క పిల్లవాడు ఆమె చెంప మీద గోళ్లతో గీరతాడు. ఆమె మళ్లీ లేచి నిలబడుతుంది కాబట్టి మనం దాన్ని ధైర్యానికి గుర్తుగా తీసుకుంటాం. భయానికి కూడా అదే గుర్తని అప్పుడు తోచదు. ఒకే సన్నివేశంతో రెండు కథలనూ మొదలుపెట్టారు. పైకి ఒకటే కనబడుతుంది.

ఇంటర్వెల్ ఎక్కడ పడాలి?

హాలీవుడ్‌లో స్క్రీన్‌ప్లే పాఠం చెప్పేవాళ్లు సినిమాను మూడంకాలుగా కొలుస్తారు. మొదటి పావు వంతులో మనుషుల్ని, చిక్కును పరిచయం చేయడం. మధ్య సగంలో ఆ చిక్కును బిగించడం. చివరి పావులో విప్పడం. మన దగ్గర లెక్క వేరు. ఫస్టాఫ్, ఇంటర్వెల్ బ్యాంగ్, సెకండాఫ్, ప్రీ క్లైమాక్స్, క్లైమాక్స్. థియేటర్లో లైట్లు వెలిగే ముందు ప్రేక్షకుడి చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి.

మన కొలతతో చూస్తే విషయం తొందరగా తేలుతుంది. సరిగ్గా సగం సినిమా దగ్గర మంచాస్ అనే జాగ్వార్‌కి పిచ్చెక్కుతుంది. వర్షారణ్యంలా కట్టిన పేటలో జూడీని, నిక్‌ని వెంటబడి తరుముతుంది. వాళ్లు ఎలాగో బయటపడతారు. పోలీసులు వచ్చేసరికి జాగ్వార్ మాయం. బోగో నమ్మడు, బ్యాడ్జి ఇమ్మంటాడు. అప్పటిదాకా బలవంతం మీద వెంట వచ్చిన నిక్ అడ్డం వచ్చి, ఆమెకిచ్చిన గడువులో ఇంకా పది గంటలున్నాయి కదా అని నిలదీస్తాడు. ఇంటర్వెల్ కార్డు ఇక్కడ వేస్తే ఈల పడుతుంది.

దాని వెంటనే వచ్చే సన్నివేశం పూర్తిగా నిదానం. వేలాడే ట్రామ్‌లో వెళుతూ నిక్ తన చిన్నతనం చెబుతాడు. స్కౌట్స్‌లో చేరాలని ఆశపడతాడు. తల్లి పైసా పైసా కూడబెట్టి కొత్త యూనిఫాం కొంటుంది. ఆ గుంపులో వేటాడే జాతివాడు తనొక్కడే. ధైర్యంగా, విధేయంగా, నమ్మకంగా ఉంటానని ప్రమాణం చేయించి, మిగతా పిల్లలు అతన్ని పడదోసి మూతికి చిక్కం కట్టేస్తారు. మనల్ని ఎవరూ నమ్మనప్పుడు వాళ్లనుకున్నట్టే బతికితే సరిపోతుందని ఆ రోజే నిర్ణయించుకున్నానంటాడు.

ట్రాఫిక్ కెమెరాల ఆలోచన నిక్‌కి ట్రామ్‌లోనే వస్తుంది గానీ, ఈ చిన్నతనం కథ మాత్రం కేసుకు ఏ విధంగానూ పనికిరాదు. ఒక్క ఆధారం కూడా ఇవ్వదు. కేసు సినిమా అనుకుని చూసేవాడికి ఇది కోసేయదగ్గ ముక్క. కానీ తీసేస్తే, కేసు తేలాక జూడీ మాట్లాడే ప్రెస్‌మీట్ సన్నివేశం కుప్పకూలుతుంది. సినిమా సగంలో నిక్ మారాడు, ఒకరిని నమ్మాడు. జూడీ మారాల్సింది ఇంకా ఉంది. ఇద్దరి పాత్రల మలుపుల్నీ ఒకే చోట పెట్టకుండా దూరంగా పెట్టడమే ఈ కథనంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని.

ఒక ఆధారానికి రెండు అర్థాలు

ముందే చూపించి తర్వాత వాడుకునే వస్తువును, మాటను మనవాళ్లు లీడ్ అంటారు. లీడ్ వేయడం తేలిక. ప్రేక్షకుడు దాన్ని చూసి కూడా పట్టించుకోకుండా చేయడమే పనితనం.

మంచాస్‌కి పిచ్చెక్కే ముందు నైట్ హౌలర్స్ గురించి భయపడుతూ చెబుతాడు. ఆ పేరు వింటే రాత్రిళ్లు ఊళపెట్టేవనే అర్థం వస్తుంది. తర్వాత ట్రాఫిక్ కెమెరాల్లో అతన్ని తోడేళ్లు బంధించి తీసుకెళ్లడం కనిపిస్తుంది. ఊళపెట్టేవి తోడేళ్లే కదా! జూడీ ఆ లెక్కే వేసుకుంటుంది, మనమూ అదే వేసుకుంటాం. తోడేళ్ల కాపలా ఉన్న పాత ఆసుపత్రికి వెళితే తప్పిపోయిన 14 మందీ బోనుల్లో దొరుకుతారు. లెక్క సరిపోయింది కాబట్టి దాన్ని మళ్లీ ఎవరూ చూడరు.

అసలు నైట్ హౌలర్స్ అంటే ఒక పూల మొక్క. తింటే పిచ్చెక్కుతుంది. ఆ దుంపల్ని సినిమా మనకు చాలా ముందే చూపించింది. ముంగిసలా ఉండే వీజిల్టన్ అనే చిల్లర దొంగ ఒక సంచితో పరుగెడితే జూడీ ఎలుకల పేటంతా తరిమి పట్టుకుంటుంది. బూజు పట్టిన ఉల్లిపాయల కోసం ఇంత రభస చేశావా అని బోగో తిడతాడు. అవి ఉల్లిపాయలు కావు సార్ అంటూ రైతుబిడ్డ జూడీ ఆ మొక్క శాస్త్రీయ నామం చెప్పేస్తుంది. మనం నవ్వుకుంటాం. తిట్లు తింటూ కూడా పాఠం చెబుతోందే అని. కేసు మొత్తానికి అసలు తాళంచెవి ఆ నవ్వుల కిందే ఉంది. శాస్త్రీయ నామం తెలిసిన జూడీకి వాడుక పేరు తెలియదు. తెలిసిన వాడు ఎవరయ్యా అంటే, చిన్నప్పుడు ఆమె చెంప గీరిన గిడియన్. ఇప్పుడు బుద్ధిగా బేకరీ పెట్టుకుని ఆమె తల్లిదండ్రులతోనే కలిసి వ్యాపారం చేస్తున్నాడు. ఓడిపోయి ఊరికి తిరిగొచ్చిన జూడీకి దారి చూపే మాట అతని నోటి నుంచే వస్తుంది. భయం ఎవరితో మొదలైందో, కేసు ముడి కూడా వాడి దగ్గరే విడిపోతుంది. రెండు కథలూ కలిసే చోటు అది.

నక్క స్ప్రే ప్రయాణం

కథనం అన్న మాట గాల్లో తేలకుండా ఉండాలంటే ఒక వస్తువును పట్టుకుని దాని వెంట నడవాలి. ఈ సినిమాలో నేనైతే ఆ గులాబీ రంగు స్ప్రే డబ్బాను పట్టుకుంటాను.

రైలెక్కే ముందు తల్లిదండ్రులు నక్కలను తరిమే సరంజామా అంతా జూడీ చేతిలో పెట్టబోతారు. వాళ్ల మనసు నొప్పించలేక ఆమె ఒక స్ప్రే మాత్రం తీసుకుంటుంది. నవ్వుకునే సన్నివేశం, తప్పంతా పాతకాలపు పెద్దవాళ్లది. ఉద్యోగంలో మొదటి రోజు గదిలోంచి బయల్దేరుతూ దాన్ని బల్ల మీద వదిలేస్తుంది. గుమ్మం దాటి, మళ్లీ వెనక్కి వచ్చి తీసుకుంటుంది. ఈసారి చూసేవాళ్లు ఎవరూ లేరు, నొప్పించడానికి అమ్మానాన్నలు పక్కన లేరు. ఆ కొన్ని క్షణాలు జూడీవి, ఆమె ఒక్కదానివే. ఆ తర్వాత వీధిలో నిక్ కనబడగానే, అతను ఏ తప్పూ చేయకముందే వెంటపడుతుంది, చెయ్యి స్ప్రే దగ్గరికి పోతుంది.

మూడుసార్లు చూపించి గంటసేపు దాన్ని వదిలేశారు. మళ్లీ ప్రెస్‌మీట్ దగ్గర వస్తుంది.

ఆ ప్రెస్‌మీట్‌ను నిదానంగా చూడాలి. జూడీ కంగారు పడుతుంటే, విలేకరుల్ని ఎలా తప్పించుకోవాలో నిక్కే నేర్పుతాడు. వాళ్లడిగిన ప్రశ్నకు నువ్వొక ప్రశ్న వేసుకుని దానికే జవాబు చెప్పు అంటాడు. ఆమె వేదిక మీద ఆ చిట్కానే వాడుతుంది. వేటాడే జాతులకే ఎందుకిలా అవుతోంది అని నొక్కి అడిగితే, అది వాళ్ల రక్తంలోనే ఉందేమో, వేల ఏళ్ల కిందటి క్రూర స్వభావం తిరిగి వస్తోందేమో అంటుంది. చిన్నప్పుడు నాటకంలో చెప్పిన మాటలే ఇవి. అప్పుడు పోయిన కాలం అన్నది, ఇప్పుడు తిరిగొచ్చిన కాలం అంటోంది. వెనక తెరల మీద మూతికి చిక్కాలు బిగించిన జంతువుల బొమ్మలు. కింద నిలబడి చూస్తున్న నిక్‌కి ట్రామ్‌లో చెప్పుకున్న గాయమే తెరకెక్కినట్టుంది.

ఆమె దిగి వచ్చాక అతను అడుగుతాడు, నన్ను చూసినా నీకు భయమేనా అని. మీద పడబోయినట్టు ఒక్కసారి ముందుకు వంగుతాడు. జూడీ చెయ్యి తనంతట తాను స్ప్రే మీదికి పోతుంది. ఇక మాటలతో పని లేదు. నిన్ను కలిసిన రోజే ఆ డబ్బాను గమనించానని నిక్ అంతకుముందే అనేశాడు. సినిమా అంతా అతనికి తెలుసు, మనకూ చూపించారు. తెలియనిది జూడీకి మాత్రమే.

పిల్లల ప్రశ్నకు జవాబు ఇదే. ఆమె తప్పు మాట అన్నందుకు వచ్చిన కోపం కాదది. ఒక నక్క తన బతుకులో మొదటిసారి నమ్మిన ప్రాణి, తన నడుముకు స్ప్రే కట్టుకునే స్నేహం చేసిందని తేలినందుకు.

ఇంకో వస్తువు క్యారెట్ ఆకారపు పెన్ను. మాటలు రికార్డు చేస్తుంది. నిక్ తన పన్ను ఎగవేతను తానే గొప్పగా చెప్పుకుంటే జూడీ అందులో పట్టేస్తుంది. ప్రెస్‌మీట్‌కు ముందు పోలీసు దరఖాస్తు నింపమని అదే పెన్ను అతనికిస్తుంది. దరఖాస్తు తిప్పికొట్టినా పెన్ను అతని దగ్గరే ఉండిపోతుంది. వంతెన కింద ఆమె ఏడుస్తూ క్షమాపణ అడిగితే అందులోని ఒక మాటను పట్టి వినిపిస్తాడు, క్షమించానని చెప్పడానికి అది అతని పద్ధతి. చివర మ్యూజియంలో దోషి ఒప్పుకోలును పట్టేది కూడా అదే. స్ప్రే చేతులు మారదు, పెన్ను మారుతూనే ఉంటుంది.

నాయకుడు మారాకే కథ నిలబడింది

ఈ సినిమా మొదట ఇలా లేదు. చాలాకాలం నిక్కే ప్రధాన పాత్రగా పని నడిచింది. ఆ వెర్షన్‌లో వేటాడే జాతులన్నిటికీ మెడ పట్టీలుండేవి, ఉద్రేకపడితే కరెంట్ షాక్ కొట్టేవి. 2014 చివర్లో, విడుదలకు ఏడాదిన్నర కూడా లేనప్పుడు, కథను తిప్పి జూడీ చేతికిచ్చారు. పట్టీలు తీసేశారు.

ఎందుకో ఊహించడం కష్టం కాదు, తీసినవాళ్లు కూడా అదే చెప్పారు. అన్యాయాన్ని రోజూ మోస్తున్నవాడి కళ్లతో మొదలుపెడితే నగరం మొదటి సీన్‌లోనే చెడ్డది. చూసేవాడికి దాన్ని ప్రేమించే వీలే లేదు. జూడీ కళ్లతో అయితే ముందు రైలు ప్రయాణం వస్తుంది. ఇసుక ఎడారి పేట, మంచు పేట, వాన కురిసే పేట, జిరాఫీకీ ఎలుకకూ వాటి వాటి కొలతల్లో సదుపాయాలు. మనం ఆ ఊరిని మెచ్చుకుంటాం. విరగడానికి ముందు ఒకటి నిలబడి ఉండాలి కదా.

పోగొట్టుకున్నదీ ఉంది. మెడ పట్టీ ఉన్న వెర్షన్‌లో వివక్ష చట్టంలో ఉండేది. ఇప్పటిదాంట్లో అది చూపుల్లో, జోకుల్లో, ఐస్‌క్రీమ్ పార్లర్‌లో నక్కకు సరుకు అమ్మేది లేదనే ఏనుగు దగ్గర మాత్రమే ఉంది. పిల్లల సినిమాకు ఇది నయమని కొందరు, పదును పోయిందని కొందరు. నా మట్టుకు నాకు, మంచి మనసున్న కథానాయికలోనే తప్పు పెట్టడం పట్టీకన్నా పదునైన పని అనిపిస్తుంది.

ఒప్పుకోనివాళ్లు ఏమంటారు

మొదటి అభ్యంతరం గొర్రె మీద. అసిస్టెంట్ మేయర్ బెల్‌వెదర్ నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది, మేయర్ సింహం ఆమెను వెట్టి మనిషిలా వాడుకుంటాడు. చివరికి పూల మందు గుళ్లు పేల్పించి వేటాడే జాతులకు పిచ్చెక్కించింది ఆమేనని తేలుతుంది. గోముఖ వ్యాఘ్రమని మనం అంటాం గానీ, ఇక్కడ ముసుగు తీసినా కింద ఉన్నది గోవే. ఆ ఎత్తు బాగుంది. కుందేలు సింహాన్ని బావిలో పడేసిన కథ వింటూ పెరిగిన మనకు మేయరే దోషి అనిపించడం సహజం, సినిమా ఆ అలవాటుమీదే ఆడుకుంది. కానీ మంచిగా కనిపించినవాళ్లే విలన్లు కావడం ఇదే స్టూడియో అంతకుముందు, 2013లో, 2014లో తీసిన సినిమాల్లోనూ ఉంది. అలవాటైన ప్రేక్షకుడు బెల్‌వెదర్‌ను తొందరగానే అనుమానిస్తాడు. పైగా చివరి భాగం హడావుడి. ల్యాబు, రైలు ఛేజు, మ్యూజియం వెంటవెంటనే దొర్లిపోతాయి. ఈ మాటలో నిజముంది. ఫస్టాఫ్‌లో వాహనాల ఆఫీసులో స్లాత్ (నత్తనడకకు పేరుపడ్డ జంతువు) ఒక్కో అక్షరం కొట్టడానికి ఇచ్చినంత తీరిక బెల్‌వెదర్ కారణాలకు ఇవ్వలేదు.

రెండో అభ్యంతరం బరువైనది. జాతి వివక్షకు పోలికగా వేటాడే జంతువుల్ని పెట్టడం సబబేనా? ఈ లోకంలో పూర్వం అవి నిజంగానే కుందేళ్లను తిన్నాయి. అంటే జూడీ భయానికి చరిత్రలో ఆధారం ఉన్నట్టే. మనుషుల మధ్య ద్వేషానికి అలాంటి ఆధారం ఉండదు కాబట్టి పోలిక తప్పుదారి పట్టిస్తుందని విమర్శకుల వాదన. దీనికి తోడు, చెడంతా ఒక గొర్రె తయారు చేయించిన మందులో దొరికింది, ఆమెను జైల్లో వేస్తే ఊరు బాగుపడింది అన్నట్టుంది.

సమర్థించేవాళ్లు చెప్పేది ఇది. సినిమా ఏ జంతువునూ ఏ మానవ వర్గానికీ జత చేయలేదు. కుందేలును అందరూ చులకనగా చూస్తారు, అదే కుందేలు నక్కను అనుమానిస్తుంది. జనాభాలో 90 శాతం తామేనని, ఉమ్మడి శత్రువుంటే అందరూ ఒక్కటవుతారని బెల్‌వెదర్ లెక్క వేస్తుంది. బలహీనులమని బాధపడేవాళ్లే సంఖ్యలో బలవంతులు. ఒక్కో పాత్రా ఒక చోట బాధితుడు, ఇంకో చోట బాధించేవాడు.

కథన వరస చూస్తే ఇంకో చిన్న జవాబు కూడా ఉంది. వంతెన కింద జూడీ క్షమాపణ, దోషి దొరకడానికి ముందే వస్తుంది. తప్పు తనదని ఒప్పుకున్నాకే కేసు ముందుకు కదులుతుంది. అరెస్టు తర్వాత క్షమాపణ పెట్టి ఉంటే విమర్శకుల మాట పూర్తిగా నిజమయ్యేది. అయినా మందు అన్న ఎత్తుగడ వాళ్ల చేతికి ఆయుధాన్ని ఇచ్చిందని ఒప్పుకోవాలి.

మ్యూజియంలో రెండో నాటకం

క్లైమాక్స్‌లో జూడీ, నిక్ గోతిలో పడ్డాక బెల్‌వెదర్ మందు గుండుతో నిక్‌ను కాలుస్తుంది. నిక్ పిచ్చెక్కినట్టు ఉరుముతాడు, ఆమె మెడ పట్టుకుంటాడు. జూడీ రక్తం రక్తం అని అరుస్తూ చచ్చినట్టు పడిపోతుంది. చిన్నప్పటి జాతర నాటకం ఉన్నదున్నట్టు! గుండు స్థానంలో పెట్టినవి జూడీ పొలంలోని బ్లూబెర్రీలు, ట్రక్కులో వస్తూ నిక్ నోట్లో వేసుకున్నవే. మొదటి నాటకంలో క్రూరమృగం అట్టముక్కల వేషం. రెండోదాంట్లో వేటాడే జాతివాడి నోట్లో ఆమె మెడ ఉంది, స్ప్రే లేదు.

ఆ తర్వాత జూడీ వేదిక మీద ఒక ప్రసంగం చేస్తుంది. మార్పు మన నుంచే మొదలవ్వాలి అనే తరహా మాటలు. అది అక్కర్లేదని నా అభిప్రాయం. గోతిలో చూపించినదాన్నే మళ్లీ నోటితో చెప్పించడం అది. దాని వెనకాలే స్పోర్ట్స్ కారులో అతివేగంగా పోతూ స్లాత్ దొరికిపోవడం ఆ ప్రసంగం కన్నా ఎక్కువ చెబుతుంది. స్లాత్ అంటే నిదానమని మనమూ ఖాయం చేసుకునే కూర్చున్నాం మరి.

రెండో భాగానికి వచ్చిన చిక్కు కూడా ఇందులోంచే పుట్టింది. జూడీ భయం తీరిపోయింది, నిక్ నమ్మకం తిరిగొచ్చింది, ఇద్దరి పాత్రల ప్రయాణమూ పూర్తయింది. కొత్త కేసు ఎన్నైనా దొరుకుతుంది, అడుగున నడిచే రెండో కథ ఎక్కడి నుంచి తేవాలి? జారెడ్ బుష్, బైరన్ హోవర్డ్ ఈసారి ఒక్కరి మనసును కాక ఇద్దరి భాగస్వామ్యాన్ని బల్ల మీద పెట్టారు. మొదటి భాగంలో చోటే దక్కని పాముల్ని కథలోకి తెచ్చి, నగరం కట్టినప్పుడు ఎవర్ని బయట ఉంచారన్న ప్రశ్న లేవనెత్తారు. అంటే మెడ పట్టీల వెర్షన్‌లో వదిలేసిన ప్రశ్న, వివక్ష మనసులో ఉందా ఊరి కట్టుబడిలోనే ఉందా అన్నది, తొమ్మిదేళ్ల తర్వాత వేరే దారిలో తిరిగొచ్చింది.